సెయింట్ జార్జ్ రక్షణ

సెయింట్ జార్జ్ రక్షణ చదరంగంలో నల్లపావులతో ఆడేవారికి అందుబాటులో ఉన్న అరుదైన ఆరంభాలలో ఒకటి. తెలుపు తన రాజు ముందున్న బంటును రెండు గళ్ళు నడిపినపుడు (1. ఇ4), నలుపు సమాధానంగా బల్ల అంచున ఉన్న ఎ-బంటును ఒకే ఒక గడి ముందుకు జరుపుతుంది (1... ఎ6). సాధారణంగా దీని తరువాత బి-బంటు బి5 గడికి, శకటం బి7 గడికి చేరుకుంటాయి. దీనికి బేకర్ రక్షణ, బర్మింగ్‌హామ్ రక్షణ అనే పేర్లు కూడా ఉన్నాయి. ఆరంభాల అంతర్జాతీయ వర్గీకరణలో ఇది బి00 అనే విభాగంలోకి వస్తుంది. 1. ఇ4 కు సమాధానంగా ఆడే అరుదైన ఎత్తులలో అనేకం ఈ విభాగంలోనే చేర్చబడ్డాయి.

చూడటానికి బలహీనంగా కనిపించే ఈ ఆరంభం 1980లో అప్పటి ప్రపంచ విజేత అనటోలీ కార్పోవ్ ఓటమితో ప్రపంచమంతటా ప్రసిద్ధి పొందింది. అయినప్పటికీ ఆ విజయం తరువాత కూడా ఇది అరుదైన ఆరంభంగానే మిగిలిపోయింది. ఈ రెండు విషయాలకూ తగిన కారణాలు ఉన్నాయి.

ఈ వ్యాసంలో వాడిన గుర్తులు

బల్లపై నిలువు వరుసలు తెలుపు ఆటగాడి ఎడమ చేతి వైపు నుండి ఎ, బి, సి, డి, ఇ, ఎఫ్, జి, హెచ్ అనే అక్షరాలతోను, అడ్డ వరుసలు తెలుపు వైపు నుండి 1 మొదలు 8 వరకు అంకెలతోను సూచించబడతాయి. రాజుకు రా, మంత్రికి మం, ఏనుగుకు ఏ, మూలగా నడిచే శకటానికి శ, గుర్రానికి గు అనేవి గుర్తులు. బంటుకు ప్రత్యేకమైన గుర్తు లేదు. × అనగా ఎదుటి పావును చంపుట, + అనగా రాజుకు చెక్ చెప్పుట, 0-0 అనగా రాజు వైపున కోట కట్టుట. ప్రతి సంఖ్య పక్కన మొదట తెలుపు ఎత్తు, తరువాత నలుపు ఎత్తు ఉంటాయి.

మూల సిద్ధాంతానికి విరుద్ధమైన ఎత్తు

చదరంగం నేర్చుకొనే ప్రతి విద్యార్థికీ మొదట బోధించే సూత్రాలు మూడు: బల్ల మధ్యభాగాన్ని ఆక్రమించుట, పావులను త్వరగా బయటకు తెచ్చుట, రాజును సురక్షితంగా ఉంచుట. 1... ఎ6 అనే ఎత్తు వీటిలో ఏ ఒక్కదానికీ నేరుగా తోడ్పడదు. మధ్యభాగంలోని ఇ4, డి4, ఇ5, డి5 గళ్ళలో ఒక్కదానిపైన కూడా ఆ బంటుకు అధికారం లేదు. దాని కదలిక వలన ఏ శకటానికీ దారి తెరుచుకోదు. పైగా తెలుపు వెంటనే 2. డి4 ఆడి రెండు బంట్లతో మధ్యభాగాన్ని నిండుగా ఆక్రమించుకుంటుంది.

అయితే ఈ ఎత్తు అర్థరహితం కాదు. నలుపు ఉద్దేశం బి5 గడికి బంటును పంపి, బి7 గడిలో శకటాన్ని నిలిపి, దూరం నుండి ఇ4 బంటుపై ఒత్తిడి తేవడం. మొదటి ఎత్తులోనే 1... బి5 ఆడితే తెల్ల శకటం ఎఫ్1 నుండి వచ్చి ఆ బంటును ఉచితంగా చంపివేస్తుంది. అందువలన బి5 కు ముందుగా కాపలా కావాలి. ఆ కాపలా పనినే ఎ6 బంటు నిర్వహిస్తుంది.

మధ్యభాగాన్ని బంట్లతో ఆక్రమించకుండా, దూరం నుండి పావులతో అదుపు చేయవచ్చుననే ఆలోచన 1920వ దశకంలో ఆరన్ నిమ్‌జోవిచ్, రిచర్డ్ రేటి మొదలైనవారి ద్వారా బలమైన సిద్ధాంతంగా రూపొందింది. అంతకు చాలా ముందే, 19వ శతాబ్ది మధ్యభాగంలో, కలకత్తాలో జాన్ కాక్రేన్‌తో తలపడిన మహేశ్చంద్ర బెనర్జీ శకటాన్ని జి7 గడిలో నిలిపే పద్ధతిని పాటించాడు. సెయింట్ జార్జ్ రక్షణ ఇదే ఆలోచనను మంత్రి వైపున అమలుపరుస్తుంది.

చరిత్ర

ఈ రక్షణకు తెలిసినంతలో తొలి ప్రసిద్ధ ఉదాహరణ 1868 నాటిది. అప్పటికే అడాల్ఫ్ ఆండర్సన్‌ను ఓడించి (1866) అగ్రశ్రేణికి చేరిన విల్‌హెల్మ్ స్టీనిట్జ్ ఒకేసారి పలువురితో ఆడిన ప్రదర్శనలో, బేకర్ అనే ఇంగ్లీషు ఔత్సాహికుడు 1... ఎ6 ఆడి ఆయనను ఓడించాడు. స్టీనిట్జ్ తరువాత 1886లో మొదటి అధికారిక ప్రపంచ విజేత అయ్యాడు. బేకర్ రక్షణ అనే పేరుకు మూలం ఈ ఆటే. ఒకేసారి అనేకమందితో ఆడే ప్రదర్శనలలో గొప్ప ఆటగాళ్ళు కూడా అప్పుడప్పుడు ఓడిపోవడం సహజం. కనుక ఆ విజయం ఆరంభం విలువను నిరూపించలేదు. ఆ తరువాత శతాబ్దానికి పైగా పెద్ద పోటీలలో ఈ ఎత్తుకు ఆదరణ లభించలేదు.

20వ శతాబ్ది చివరి భాగంలో దీనిని అధ్యయనం చేసి ప్రచారం కల్పించినవారిలో ముఖ్యుడు ఇంగ్లాండుకు చెందిన అంతర్జాతీయ మాస్టర్ మైకేల్ బాస్మన్ (1946 - 2022). అసాధారణమైన ఆరంభాలను ఆడటంలో ఆయన పేరుపొందాడు. తెలుపుతో మొదటి ఎత్తుగా జి4 ఆడే గ్రోబ్ ఆరంభాన్ని, అదే తీరులో నలుపుతో జి5 ఆడే బోర్గ్ రక్షణను కూడా ఆయన పోటీలలో ప్రయోగించాడు. గ్రోబ్ అనే పేరు ఆంగ్ల అక్షరాలను తిరగవేస్తే బోర్గ్ అవుతుంది. సెయింట్ జార్జ్ రక్షణపై బాస్మన్ ప్రత్యేకంగా ఒక పుస్తకం రచించాడు. పాఠశాల విద్యార్థుల కోసం 1996లో బ్రిటన్‌లో పెద్ద ఎత్తున చదరంగ పోటీలను ప్రారంభించినవాడు కూడా ఆయనే.

సెయింట్ జార్జ్ ఇంగ్లాండు దేశానికి రక్షక సాధువుగా భావించబడే క్రైస్తవ పునీతుడు. ఈ ఆరంభం చరిత్రలో బేకర్, బాస్మన్, మైల్స్ ముగ్గురూ ఇంగ్లాండువారే. బర్మింగ్‌హామ్ రక్షణ అనే పేరు మైల్స్ స్వస్థలమైన బర్మింగ్‌హామ్ నగరాన్ని గుర్తుచేస్తుంది. మైల్స్ జన్మించిన ఏప్రిల్ 23వ తేదీయే ఇంగ్లాండులో సెయింట్ జార్జ్ దినంగా పాటించబడటం ఒక విశేషం.

ప్రధాన మార్గం

1. ఇ4 ఎ6 2. డి4 బి5 3. గు-ఎఫ్3 శ-బి7 4. శ-డి3 ఇ6 అనేది సాధారణంగా కనిపించే క్రమం. నలుపు పథకాన్ని ఈ విధంగా వివరించవచ్చు.

* బి7 లోని శకటం ఇ4 బంటును బెదిరిస్తుంది. తరువాత ఎఫ్6 కు వచ్చే గుర్రం కూడా అదే బంటును బెదిరిస్తుంది. తెలుపు దానిని శకటంతోను, మంత్రితోను కాపాడవలసి వస్తుంది.
* బి5 బంటు సి4 గడిని అదుపులో ఉంచుతుంది. తెల్ల గుర్రం సి3 కు వచ్చినపుడు బి4 ఆడి దానిని తరమవచ్చు. ఆ గుర్రం ఇ4 కు కాపలా కనుక, తెలుపు చాలాసార్లు దానిని డి2 గడిలో నిలపడానికి ఇష్టపడుతుంది.
* సరైన సమయంలో సి5 ఆడి తెలుపు డి4 బంటుపై దాడి చేయడం నలుపు పథకంలో అతి ముఖ్యమైన భాగం. ఇది జరగకపోతే తెలుపు మధ్యభాగం చెక్కుచెదరకుండా నిలిచి, నల్లపావులకు ఊపిరాడని స్థితి ఏర్పడుతుంది.

ఎ6, బి5, శ-బి7, ఇ6, సి5 అనే ఎత్తులను ఒక్కొక్కటిగా పరిశీలిస్తే వీటిలో వింతైనది ఏదీ లేదు. సిసిలియన్ రక్షణలోని కొన్ని శాఖలలోను, మంత్రి బంటు ఎరను స్వీకరించే ఆరంభంలోను నలుపు ఇవే ఎత్తులను ఆడుతుంది. సెయింట్ జార్జ్ రక్షణలో అసాధారణమైనది ఎత్తుల క్రమం మాత్రమే. ఇతర ఆరంభాలలో నలుపు మొదట మధ్యభాగం సంగతి చూసుకొని, తరువాత అంచున బంట్లను కదుపుతుంది. ఇక్కడ అంచు పని ముందు, మధ్య పని తరువాత. ఆ విరామంలో తెలుపు ఏమి చేయగలదన్న ప్రశ్నపైనే ఈ రక్షణ మంచిచెడ్డలు ఆధారపడి ఉన్నాయి.

ఓవెన్ రక్షణతో పోలిక

1. ఇ4 బి6 అనే ఓవెన్ రక్షణ దీనికి దగ్గరి బంధువు. ఇంగ్లాండుకు చెందిన మతగురువు జాన్ ఓవెన్ 1858లో పాల్ మార్ఫీని ఈ రక్షణతో ఒక ఆటలో ఓడించాడు. ఓవెన్ రక్షణలో శకటాన్ని బి7 కు చేర్చడానికి ఒక బంటు కదలిక చాలు. సెయింట్ జార్జ్ రక్షణలో అదే పనికి రెండు బంటు కదలికలు కావాలి. అనగా నలుపు ఒక ఎత్తును అదనంగా వెచ్చిస్తుంది. దానికి ప్రతిఫలంగా మంత్రి వైపున కొంత స్థలమూ, బి4 అనే బెదిరింపూ లభిస్తాయి. అయితే ముందుకు వెళ్ళిన బంటు ఎదుటివారి దాడికి సులభంగా అందుతుంది.

తెలుపు మార్గాలు

ఎ4 ఎత్తు: బి5 బంటును పక్క నుండి ఢీకొనడం తెలుపుకు సహజమైన మార్గం. నలుపు ఎ4 బంటును చంపితే తన బంట్ల వరుస చెదిరిపోతుంది. కనుక సాధారణంగా బి4 ఆడి ముందుకు సాగుతుంది. అప్పుడు సి4 గడిపై బి5 బంటుకున్న అదుపు తొలగిపోతుంది. తెల్ల గుర్రం డి2 మీదుగా అక్కడికి చేరవచ్చు.

సి4 ఎత్తు: 3. సి4 ఆడి తెలుపు బి5 ను సూటిగా ప్రశ్నించవచ్చు. దీనికి నలుపు 3... శ-బి7 అని జవాబిస్తే, 4. సి×బి5 ఎ×బి5 5. శ×బి5 శ×ఇ4 అనే మార్పిడి జరుగుతుంది. ఇరుపక్షాలూ చెరి రెండు బంట్లు కోల్పోతాయి. నలుపు కోల్పోయినవి అంచున ఉన్న ఎ, బి బంట్లు. తెలుపు కోల్పోయినవి సి, ఇ బంట్లు. మధ్యభాగంలో ఇపుడు నలుపుకు రెండు బంట్లు, తెలుపుకు ఒకటి. కానీ తెలుపు ఎ-బంటుకు ఎదురుగా అడ్డుపడే నల్లబంటు లేదు. ఆట చివరి దశకు చేరితే ఆ బంటు ప్రమాదకరం కాగలదు. పైగా ఇ4 లో ఉన్న శకటాన్ని తరుముతూ తెల్లపావులు త్వరగా బయటకు వస్తాయి.

ఇ5 ఎత్తు: నలుపు 4... ఇ6 కు బదులుగా 4... గు-ఎఫ్6 ఆడినపుడు, తెలుపు 5. ఇ5 తో గుర్రాన్ని తరిమి, 5... గు-డి5 తరువాత 6. గు-జి5 ఆడవచ్చు. తెల్ల గుర్రం ఎఫ్7 వైపు చూస్తుంది. ఇ6 గడిలో బంటును బలిగా ఇచ్చి రాజును బయటకు లాగే అవకాశం కూడా తెలుపుకు ఏర్పడుతుంది. అందువలన ముందుగా ఇ6 ఆడటం నలుపుకు ఎక్కువ క్షేమకరం.

రాజుపై దాడి: ఇ4 బంటు ఇ5 కు జరిగితే డి3 లోని తెల్ల శకటానికి హెచ్7 వరకు దారి తెరుచుకుంటుంది. నలుపు మొదటి ఎత్తులను మంత్రి వైపునే వెచ్చించినందున కోట కట్టడం ఆలస్యమవుతుంది. కోట కట్టిన తరువాత కూడా హెచ్7 గడిపై నిఘా వేసి ఉండాలి.

కార్పోవ్ - మైల్స్, స్కారా, 1980

ఆంథొనీ మైల్స్ (1955 - 2001) 1974లో మనీలా నగరంలో ప్రపంచ జూనియర్ విజేతగా నిలిచాడు. 1976లో గ్రాండ్‌మాస్టర్ హోదా సాధించాడు. బల్ల ముందు కూర్చుని ఆడే చదరంగంలో ఈ హోదా పొందిన మొదటి బ్రిటన్ జాతకుడు ఆయనే. అనటోలీ కార్పోవ్ 1975 నుండి 1985 వరకు ప్రపంచ విజేతగా ఉన్నాడు. చిన్న ఆధిక్యతను కూడా నిదానంగా పెంచి గెలవడంలో ఆయనకు సాటిలేదని పేరు.

1980 జనవరిలో స్వీడన్‌లోని స్కారా పట్టణంలో జరిగిన ఐరోపా జట్ల పోటీలో సోవియట్ యూనియన్, ఇంగ్లాండు జట్లు తలపడినపుడు మొదటి బల్లపై వీరిద్దరూ ఎదురుపడ్డారు. సాధారణ ఆరంభాలలో కార్పోవ్‌ను నల్లపావులతో ఎదుర్కోవడం అత్యంత కఠినం. మైల్స్ 1... ఎ6 ఆడాడు. ప్రేక్షకుల నుండి వినవచ్చిన నవ్వులు తనకు ఇబ్బంది కలిగించాయని ఆ తరువాత ఈ ఆటపై తన వ్యాఖ్యలలో మైల్స్ తెలిపాడు.

ఆట మొదటి భాగం: 1. ఇ4 ఎ6 2. డి4 బి5 3. గు-ఎఫ్3 శ-బి7 4. శ-డి3 గు-ఎఫ్6 5. మం-ఇ2 ఇ6 6. ఎ4 సి5 7. డి×సి5 శ×సి5 8. గు(బి)-డి2 బి4 9. ఇ5 గు-డి5 10. గు-ఇ4 శ-ఇ7 11. 0-0 గు-సి6 12. శ-డి2 మం-సి7 13. సి4 బి×సి3 14. గు×సి3 గు×సి3 15. శ×సి3 గు-బి4 16. శ×బి4 శ×బి4

కార్పోవ్ పైన వివరించిన 5. ఇ5 మార్గాన్ని ఎంచుకోలేదు. మైల్స్ బి5 బంటుపై దాడిని ఖాతరు చేయక 6... సి5 తో మధ్యభాగంపై ఎదురుదాడి చేశాడు. 7. డి×సి5 తో తెలుపు తన డి-బంటును మార్పిడి చేసుకోగా, తెలుపు నిర్మించిన మధ్యభాగంలో సగం తొలగిపోయింది. డి5 గడి నల్ల గుర్రానికి చక్కని స్థావరమైంది. 13వ ఎత్తులో సి4 కు వచ్చిన తెల్లబంటును నలుపు దారిలో చంపే ప్రత్యేక నియమం ప్రకారం చంపింది. 16 ఎత్తుల తరువాత నలుపుకు రెండు శకటాలూ మిగిలి ఉన్నాయి.

రెండవ భాగం: 17. ఏ(ఎ)-సి1 మం-బి6 18. శ-ఇ4 0-0 19. గు-జి5 హెచ్6 20. శ-హెచ్7+ రా-హెచ్8 21. శ-బి1 శ-ఇ7 22. గు-ఇ4 ఏ(ఎ)-సి8 23. మం-డి3 ఏ×సి1 24. ఏ×సి1 మం×బి2 25. ఏ-ఇ1 మం×ఇ5 26. మం×డి7 శ-బి4 27. ఏ-ఇ3 మం-డి5 28. మం×డి5 శ×డి5

21వ ఎత్తు వద్ద ఒక ఉచ్చు ఉంది. జి5 లోని తెల్ల గుర్రం నల్లబంటుకు చిక్కినట్లు కనిపిస్తుంది. నలుపు ఆశపడి 21... హెచ్×జి5 ఆడితే 22. మం-హెచ్5+ రా-జి8 23. మం-హెచ్7 తో ఆటకట్టు. మైల్స్ గుర్రాన్ని ముట్టుకోకుండా శకటాన్ని ఇ7 కు తెచ్చాడు. 23. మం-డి3 తో కార్పోవ్ మళ్ళీ హెచ్7 పై కన్ను వేశాడు. ఇ4 గుర్రం ఎఫ్6 కు దూకితే ఆటకట్టు బెదిరింపు ఏర్పడుతుంది. దానికి జవాబుగా ఏనుగులను మార్చుకొని 24... మం×బి2 ఆడటంలో మైల్స్ లెక్క స్పష్టం. ఇపుడు తెల్ల గుర్రం ఎఫ్6 కు వెళితే నల్లమంత్రి సి1 లోని ఏనుగును చెక్‌తో సహా చంపుతుంది. కార్పోవ్ ఏనుగును తప్పించగా, మంత్రి ఇ5 బంటును కూడా చంపి, ఎఫ్6 గడికి కాపలాగా నిలిచింది. మంత్రులు మారిన తరువాత నలుపుకు ఒక బంటు, రెండు శకటాలు ఆధిక్యతగా మిగిలాయి.

చివరి భాగం: 29. గు-సి3 ఏ-సి8 30. గు-ఇ2 జి5 31. హెచ్4 రా-జి7 32. హెచ్×జి5 హెచ్×జి5 33. శ-డి3 ఎ5 34. ఏ-జి3 రా-ఎఫ్6 35. ఏ-జి4 శ-డి6 36. రా-ఎఫ్1 శ-ఇ5 37. రా-ఇ1 ఏ-హెచ్8 38. ఎఫ్4 జి×ఎఫ్4 39. గు×ఎఫ్4 శ-సి6 40. గు-ఇ2 ఏ-హెచ్1+ 41. రా-డి2 ఏ-హెచ్2 42. జి3 శ-ఎఫ్3 43. ఏ-జి8 ఏ-జి2 44. రా-ఇ1 శ×ఇ2 45. శ×ఇ2 ఏ×జి3 46. ఏ-ఎ8 శ-సి7, తెలుపు ఓటమిని అంగీకరించింది.

ముగింపు స్థితిలో నలుపుకు మూడు బంట్లు, తెలుపుకు ఒకే బంటు ఉన్నాయి. ఆ పోటీలో సోవియట్ యూనియన్ స్వర్ణం గెలుచుకోగా, ఇంగ్లాండు జట్టుకు కాంస్యం లభించింది.

మూల్యాంకనం

ఈ ఆటను సాక్ష్యంగా చూపి సెయింట్ జార్జ్ రక్షణ తెలుపుకు సమాన బలం గలదని చెప్పడం సరికాదు. పై ఎత్తులను పరిశీలిస్తే విజయం మొదటి ఎత్తులో కాక, 6... సి5 లోను, 21వ ఎత్తులో ఉచ్చును తప్పించుకోవడంలోను, 24వ ఎత్తులోని కచ్చితమైన లెక్కలోను, చివరి దశలో రెండు శకటాలను నేర్పుగా వాడుకోవడంలోను ఉందని తెలుస్తుంది. ఆరంభం చేసిన మేలు వేరు. ప్రత్యర్థికి కంఠస్థమైన మార్గాల నుండి ఆటను మళ్ళించి, ఆరవ ఎత్తు నుండే ఇద్దరూ స్వంతంగా ఆలోచించవలసిన స్థితికి అది తీసుకువచ్చింది.

నేటి కంప్యూటర్ విశ్లేషణ కార్యక్రమాలు 1... ఎ6 తరువాత తెలుపుకు స్పష్టమైన ఆధిక్యత ఉన్నట్లు సూచిస్తాయి. ఆ ఆధిక్యత వెంటనే గెలుపును ఇచ్చేది కాదు. కానీ ఇ5, సి5 వంటి ప్రసిద్ధ సమాధానాల తరువాత తెలుపుకు లభించే దానికంటే ఎక్కువ. అగ్రశ్రేణి పోటీలలో ఇది అరుదుగా కనిపించడానికి కారణం ఇదే.

విద్యార్థులకు ఈ రక్షణ రెండు విధాలుగా ఉపయోగపడుతుంది. మొదటిది, తెలుపుతో ఆడేవారు ఇటువంటి ఎత్తు ఎదురైనపుడు నవ్వి తేలికగా తీసుకోరాదు. మధ్యభాగాన్ని ఆక్రమించి, పావులను సక్రమంగా నిలిపి, నలుపు సి5 ఎత్తుకు ముందుగానే సిద్ధపడాలి. రెండవది, నలుపుతో ఆడదలచినవారు మధ్యభాగాన్ని వదిలివేయడానికీ, దానిపై దాడిని కొన్ని ఎత్తులు వాయిదా వేయడానికీ గల తేడాను గుర్తించాలి. వాయిదా వేసిన పనిని సకాలంలో పూర్తి చేయగలిగినవారికే ఈ రక్షణ అక్కరకు వస్తుంది. మొదటి సూత్రాలు ఇంకా అలవడని విద్యార్థి దీనినే తన ప్రధాన ఆరంభంగా స్వీకరిస్తే, ఆ సూత్రాలను నేర్చుకొనే అవకాశాన్నే పోగొట్టుకుంటాడు.

ఇవి కూడా చూడండి

* చదరంగం
* ఓవెన్ రక్షణ
* సిసిలియన్ రక్షణ
* ఆంథొనీ మైల్స్
* అనటోలీ కార్పోవ్